అక్కలకు నీళ్లు వెతికిన మా మేనత్త

కొన్నాళ్లుగా పట్టిన ముసురు ఆ పొద్దున తెరిపి ఇచ్చింది. మక్క చేనులో కలుపు తీయడానికి నేనూ, మరో ఇద్దరు ఆడవాళ్లూ దిగాం. తడి మట్టి పాదాలకు మందంగా అంటుకుంటోంది. పట్టిన సాలు సగం కాకముందే ఫోను మోగింది. చేతులు తుడుచుకునేసరికి ఆగిపోయి మళ్లీ మోగింది. చిన్నాయన.

"అక్క వోయింది బిడ్డా. పొద్దుగాల లేపితే లేవలె" అన్నాడు. "మీ దిక్కు వాన వడ్తుందా?" అని అడిగాడు.

పడటం లేదని చెప్పాను. ఆ సాలు చివరిదాకా తీసి, గట్టెక్కి కాళ్లు కడుక్కుని బయలుదేరాను. 2013 శ్రావణం అది. కొత్తూరు నుంచి శంషాబాద్ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. దారిలో ఏడుపు రాలేదు. టికెట్ తీసుకున్నాక చిల్లర అడగడం మరిచిపోయానని దిగాక గుర్తొచ్చింది.

పోయింది మా మేనత్త, మా నాన్నకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. పిల్లలు లేరు. మా నాన్న ఉన్నన్నాళ్లు మా ఇంట్లో ఉంది. నాన్న పోయి, నా పెళ్లయ్యాక, చిన్నాయన ఇంటి పక్కన రేకుల గదిలో ఉండి తన వంట తానే చేసుకునేది. చిన్నాయన భార్య అన్నానికి పిలిస్తే వెళ్లేది, పిలవకపోతే వెళ్లేది కాదు. పిలవలేదని ఎవరితోనూ అనేది కాదు.

ఆమె గురించి రాయాలంటే అక్కల గురించి చెప్పాలి. మా దిక్కు పాత బావుల్లో అక్కలుంటారని నమ్మేవాళ్లు. ఏడుగురు పెళ్లికాని ఆడపిల్లలు. గుడి ఉండదు, విగ్రహం ఉండదు. బావి గోడలో చిన్న గూడు, అందులో పసుపు పూసిన గులకరాళ్లు, అంతే. మొగులు, అదే ఆకాశం, కనిపించే నీళ్లలో తప్ప వాళ్లు ఉండరు. మిట్టమధ్యాహ్నం స్నానం చేస్తారు కాబట్టి ఆ వేళ బావిలోకి ఎవరూ దిగకూడదు. మిగతా వేళల్లో దిగాలన్నా పై మెట్టు మీద నిలబడి ఒకసారి దగ్గాలి. కొత్త పంట రాగానే వాళ్లకు పెరుగన్నం, గాజులు పెట్టాలి. మా వ్యవసాయ బావిలో అక్కల పని చూసింది మా మేనత్తే. అంతకుముందు వాళ్ల నాయనమ్మ చూసిందట.

"ఆడివిల్లలున్న ఇంట్లకు దగ్గకుండ వోతమా?" అనేది.

ఈ దగ్గడం ఆమెకు ఎంత అలవాటైందంటే, ఊరు లేచి మేమంతా కాలనీకి వచ్చాక నల్లా తిప్పే ముందు కూడా దగ్గేది. ఒకసారి అడిగాను.

"నల్లాల ఎవరున్నరత్తా?"

"ఉన్నరో లేరో. దగ్గితే నా గొంతు అరుగుతదా?"

విమానాశ్రయం కోసం భూములు పోయినప్పుడు మా ఊరూ పోయింది. అందరికీ కాలనీలో ప్లాట్లు వచ్చాయి. బావి ఉన్న మా చెలక భూమి మాత్రం అంచున ఉండటంతో కొన్నాళ్లు అలాగే మిగిలింది. మేనత్త ఎండలో నడిచి వెళ్లి పసుపు పెట్టి వచ్చేది. విమానాలు దిగడం మొదలైన ఏడు ఎండాకాలంలో ఆ చెలక చుట్టూ గోడ వస్తుందని, బావి పూడుస్తారని తెలిసింది. అక్కలను అక్కడి నుంచి తీసుకుపోవాలని ఆమె పట్టుబట్టింది. కాలనీ చివర ఒక చిన్న కుంట ఉంది, అందులో ఉంచుతానంది.

చిన్నాయన నవ్వాడు. "ఇంటికొక ప్లాటు ఇచ్చిండ్రు గదక్కా. నీ అక్కలు ఏడుగురుంటే ఏడు ప్లాట్లు రావాలె. దరఖాస్తు వెట్టకపోయినవ్."

"ఇచ్చినా ఉండరు. బోరు నీళ్లకు మొగులు కనవడ్తదా?"

అక్కలను ఒకచోటి నుంచి ఇంకొక చోటికి నడిపించడానికి ఒక పద్ధతి ఉంది. ఆ ఇంట పుట్టిన ఆడది పాత బావి నీళ్లు కొత్త కడవలో ముంచి, వేపమండలు పెట్టి నెత్తిన ఎత్తుకోవాలి. గులకరాళ్లు కొంగున కట్టుకోవాలి. కొత్త నీళ్లు చేరేదాకా నోరు విప్పకూడదు, వెనక్కి చూడకూడదు. వాళ్లు వెనక నడిచి వస్తారు. మోసే మనిషి మాట్లాడితే, మాట్లాడిన చోటే కూర్చుండిపోతారు. ఇక ఆ మనిషి పిలిస్తే లేవరు. అదే ఇంట పుట్టిన ఇంకొక ఆడది మళ్లీ కడవ ఎత్తాలి.

బావి పూడ్చే ముందు ఒక పొద్దున మేనత్త ఒక్కతే వెళ్లింది. కడవ ఎత్తుకుని కొత్త రోడ్డు పక్క నుంచి వస్తోంది. సగం దూరం వచ్చాక ఒక మనిషి ఎదురొచ్చాడు. పూర్వం ఏటా మా ఊరికి వచ్చే గాజులాయన. మధ్యలో ఏవో కష్టాలుండి కొన్నేళ్లు రాలేదు. భుజాన గాజుల మలారంతో, ఆ రోడ్ల మధ్య దిక్కు తెలియక నిలబడి ఉన్నాడు. ఈమెను గుర్తుపట్టి, "అమ్మా, మీ ఊరి తొవ్వ ఎటు? గంట నుంచి తిరుగుతున్న" అన్నాడు.

ఆమె కళ్లెత్తి చూసింది. ఆయన చెమటతో నిలబడి ఉన్నాడు. "ఊరు లేదు కొడుకా. లేచిపోయింది" అంది.

అన్నాక గుర్తొచ్చింది. కడవ అక్కడే దించి, నీళ్లు అక్కడే పోసి, గులకరాళ్లు గడ్డిలో పెట్టి ఇంటికొచ్చింది. తర్వాత ఈ సంగతి నాతో చెప్పినప్పుడు, మాట్లాడినందుకు ఆమె అంత బాధపడలేదు. ఏ మాట అన్నదో దానికి బాధపడింది.

"ఊరు లేదన్నది వాళ్లకు అప్పటిదాక తెల్వది బిడ్డా. నా నోటితోనే విన్నరు. ఇగ ఎటు రావాలనుకుంటరు?"

గాజులాయనను ఏమీ అనలేదు. ఆ రోజు ఆయనను కాలనీకి తీసుకొచ్చి అన్నం పెట్టి పంపింది.

అప్పటి నుంచి మా మేనత్త పొద్దున్నే లేచి ఆ రోడ్డు పక్కకు నడిచి వెళ్లేది. విమానాశ్రయానికి వెళ్లే కార్లు అటు పరుగెడుతుంటే, ఈమె గడ్డిలో కూర్చుని రాళ్లకు పసుపు రాసి, చెంబుతో తెచ్చిన నీళ్లు చల్లేది. క్రమంగా అక్కడ గడ్డి పరిచారు, పూల చెట్లు పెట్టారు. చెట్లకు నీళ్లు పట్టే ఆడవాళ్లు పచ్చ కోట్లు వేసుకుని వచ్చారు. మొదట వాళ్లు ఈమెను లేచి పొమ్మన్నారు. ఆమె ఏం చెప్పిందో గాని, తర్వాత గడ్డి కోసేటప్పుడు రాళ్లు పక్కకు తీసి మళ్లీ అక్కడే పెట్టేవాళ్లు. వాళ్లలో పాలమూరు దిక్కు నుంచి వచ్చిన ఒకామె, తన చేతి పైపును ముందుగా ఆ రాళ్ల మీద తిప్పి, తర్వాతే చెట్లకు తిప్పేదట.

నేను కొత్తూరు నుంచి ఎప్పుడన్నా వస్తే ఆమె వెంట వెళ్లేదాన్ని. తల మీదుగా విమానం దిగుతుంటే మాటలు వినబడేవి కావు. అది దాటిపోయాక మేనత్త అనేది: "మనుషులేమో ఎగురుతుండ్రు. అక్కలకు నడిపిచ్చేటోళ్లు గావాలె."

నేను నమ్మానని చెప్పను. నమ్మలేదని కూడా ఆమె ముందు ఎప్పుడూ అనలేదు. ఆ ఇంట పుట్టిన ఇంకొక ఆడదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, "నేనెత్తుకుంట, ఎక్కడికి తీస్కవోవాల్నో చెప్పత్తా" అని మొదటి ఏడే అన్నాను. అప్పటికి కాలనీ చివరి కుంట ఎండి ప్లాట్లయింది. మొగులు కనిపించే నీళ్లంటే ఇక హిమాయత్ సాగరే.

"గంత దూరమా?" అంది. మళ్లీ తానే, "ఈ యేడు గాదు బిడ్డా. నీ పిల్లలు జర ఎదగని" అంది.

మరుసటి ఏడు వానలు పడనీ అంది. ఆ తర్వాతి ఏడు నీళ్లు ఎక్కువున్నాయి, తగ్గనీ అంది. ఆమె మోకాళ్లు అప్పటికే పట్టేశాయి. రోడ్డు పక్కకైతే ఎలాగో నడవగలదు. హిమాయత్ సాగర్‌కు వెళ్లి రాగలిగే మనిషి కాదు. అక్కలు ఆ గడ్డిలో ఉన్నంతకాలం ఆమెకు పొద్దున్నే వెళ్లడానికి ఒక చోటు ఉంది. నీళ్లలోకి పంపిస్తే వాళ్లు బాగుంటారు, ఆమె రేకుల గదిలో మిగిలిపోతుంది. ఈ సంగతి ఆమె నాతో అనలేదు, నేనూ అడగలేదు.

చివరికి 2013 మాఘంలో తానే కబురు పెట్టింది. నేను వెళ్లేసరికి పరేషాన్‌గా ఉంది.

"ఆ పాలమూరామె చెప్పింది. చెట్లకు వట్టే నీళ్లు వాడిన నీళ్లేనట. మిషన్ల ఏసి, సాఫ్ జేసి ఇడుస్తరట."

"సాఫ్ జేసినంక మంచియే గదత్తా."

"చెట్లకు మంచియే. ఆడివిల్లలు గదా, వాళ్ల మీద స్నానాల నీళ్లు వోస్తుంటిమి. నేనే గూసోవెట్టిన. నాకు దగ్గర గావాలని ఇన్నేండ్లు వాళ్లను ఎండల ఉంచిన." నా వైపు చూడకుండా అంది. "రేపు ఎత్తుకో."

మర్నాడు తెల్లవారుతూనే ఇద్దరం అక్కడికి వెళ్లాం. చిన్నాయన ఇంటి బోరు నీళ్లే కొత్త కడవలో పట్టుకొచ్చాం. పాత బావి నీళ్లు ఎక్కడి నుంచి తెస్తాం? ఆమె గులకరాళ్లు నా కొంగున కట్టి, కడవకు వేపమండలు పెట్టి నా నెత్తిన ఎత్తింది. పంపించే మనిషి వెంట రాకూడదని పద్ధతి. ఆమె గడ్డిలోనే కూర్చుండిపోయింది.

ఊళ్లో ఆడవాళ్లు కడవ ఎత్తుకుని నడవడం కొత్త కాదు. కానీ ఆ రోడ్ల మీద అప్పటికి అది వింతే. షేర్ ఆటో ఆపి, "ఎక్కు అక్కా, ఎక్కడ దించాలె?" అన్నాడు ఒకతను. నేను నడుస్తూనే ఉన్నాను. "ఏందక్కా, కిరాయి ఇయ్యకు తియ్, ఊరికెనే ఎక్కు." నేను పలకలేదు. లోపల కూర్చున్న ముసలాయన, "మూగది గావచ్చు, ఇడిసిపెట్టు" అన్నాడు. శంషాబాద్ దాటాక రవికెలో పెట్టుకున్న ఫోను మోగింది. మా ఆయన. ఆగి మళ్లీ మోగింది. బర్రె ఈనిందేమో, పిల్లలకేమన్నా అయిందేమో అనుకుంటూ, ఆ మోత ఎదకు తగులుతుంటే, కడవ పట్టుకుని నడిచాను. తర్వాత తెలిసింది, ఉప్పు డబ్బా ఎక్కడుందని అడగడానికట.

హిమాయత్ సాగర్‌లో నీళ్లు లోపలికి పోయి ఉన్నాయి. పగుళ్లిచ్చిన మట్టి మీద చాలాసేపు నడిచాను. పాదం మునిగేదాకా దిగి, దగ్గాను. కడవ వంచాను. నీళ్లు నీళ్లలో కలిశాయి. నా వెనక ఎవరన్నా నడిచి వచ్చారా అని చాలామంది అడిగారు. నేను వెనక్కి చూడలేదు.

తిరిగి ఆటోలో వచ్చేసరికి ఎండ ముదిరింది. మేనత్త ఇంకా గడ్డిలోనే ఉంది.

"నీళ్లున్నయా?"

"ఉన్నయత్తా. జర లోపల ఉన్నయ్."

"మొగులు?"

"మస్తు కనవడ్తుంది. చుట్టూ అదే."

ఆమె తల ఊపింది. నా కొంగు ముడి విప్పి గులకరాళ్లను ఒక్కొక్కటే తీసి, పసుపు తుడిచి, చెట్ల మొదట్లో వేసింది. వాటితో ఇక పని లేదంది. లేవడానికి నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు చూశాను, చెయ్యి ఎంత తేలికైపోయిందో.

తర్వాత నేను రెండు మూడుసార్లే వచ్చాను. విత్తనాల పని, పిల్లల బడి. ఫోనులో అడిగితే, "మంచిగున్న బిడ్డా, ఏం పని లేదు" అనేది. పొద్దంతా గదిలోనే ఉంటుందనుకున్నాను. చిన్నాయన కూడా అలాగే అనుకున్నాడు. పొద్దున్నే ఎటో పోయి వస్తోందని ఆయన భార్యకు తెలుసు గాని, ఎటని ఆమె అడగలేదు.

దహనం అయ్యి, వాకిట్లో నీళ్లు చల్లి కూర్చున్నాం. అప్పుడు పచ్చ కోట్లు వేసుకున్న ఇద్దరు ఆడవాళ్లు గేటు దగ్గర నిలబడ్డారు. పాలమూరామె నన్ను గుర్తుపట్టింది. రెండు రోజులుగా అవ్వ రాకపోతే కాలనీలో అడుగుతూ వచ్చారట.

"అక్కడికి వస్తుండెనా?" అని అడిగాను.

"రోజు వస్తుండె. రాళ్లు తీసేసినంక గూడ. నేనే అడిగిన, అక్కలు వోయిండ్రు గదా అవ్వా, ఇంకెందుకు నడుస్తున్నవని."

"ఏమన్నది?"

"మీరున్నరు గదనే అన్నది. పైపు వట్టంగనే దూరం నుంచే దగ్గేది. వచ్చిందని మాకు ఎరికయ్యేది."

కూర్చోమంటే కూర్చోలేదు, సూపర్‌వైజర్ అరుస్తాడన్నారు. మంచినీళ్లు తాగారు. రెండో ఆమె, ఇంకా వయసులో ఉన్న పిల్ల, మేనత్త గది తలుపు దగ్గరికి వెళ్లి లోపలికి చూసి వచ్చింది.

వాళ్లను తీసుకుపోవడానికి వచ్చిన వ్యాను రోడ్డు మీద హారన్ కొట్టింది. మధ్యాహ్నం రెండింటికి వాళ్లు వెళ్లారు. మూడింటికి కొత్తూరు చుట్టాలు వెళ్లారు. నేను గది ఊడ్చి, దీపం పెట్టి, చీకటి పడకముందు బస్సుకు వెళ్లాను.