ఈరన్న వదులుగా నేసిన గుడ్డ

నేను ఆదోనిలో బస్సు కోసం నిలబడి ఉండగా మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, బావ లేడు" అన్నాడు.

"యాడికి పోయినాడు? పొద్దున మగ్గం మీద కూసున్నాడే" అన్నాను. వాడు ఏడిస్తే గానీ ఆ మాటకు అర్థం నాకు తెలియలేదు. మా ఊరు ఎమ్మిగనూరు చేరేదాకా ఆయన కోసం కొన్న గోరుచిక్కుళ్ళ సంచి ఒళ్ళోనే పట్టుకుని కూర్చున్నాను.

నాకు రాయడం అంతంతమాత్రం. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. మా ఆయన ఈరన్న పేరెత్తితే వీధిలో అందరూ ఆయన నేత బిగువు గురించే చెబుతారు. ఆయన గుడ్డ మీద నీళ్ళు పోస్తే నిలబడతాయని పొగిడేవారు. నాకు మాత్రం ఆయన జన్మలో ఒక్కసారి కావాలని వదులుగా నేసిన గుడ్డే కళ్ళల్లో మెదులుతుంది.

ఆదోనిలో ఇల్లు మారుతూ మా మరిది తన పెంపుడు తాబేలును మాకు ఇచ్చిపోయాడు. ఈయన మగ్గం గదిలోనే గోడవారగా ఇటుకలతో తొట్టి కట్టి, మట్టి పోసి, మధ్యలో నీళ్ళ బేసిన్ పెట్టాడు. తాబేలు అందులోకి దిగి ఎక్కినప్పుడల్లా నీళ్ళు మట్టిలోకి ఇంకేవి. కొన్నాళ్ళకు పక్కనే ఉన్న మగ్గం గుంతలోకి ఊరాయి. గుంతలో కాళ్ళు పెట్టి నేసే మనిషికి పాదాలు నానిపోయాయి. తాబేలు పొట్ట కింది చిప్ప మెత్తబడి వాసన వేసింది.

"ఎవరికన్నా ఇచ్చేయ్ దాన్ని" అన్నాను విసుగ్గా.

"దాని తప్పేముంది? నీళ్ళకు మనం దారి ఇయ్యకుంటే అవే వెతుక్కుంటాయి" అన్నాడు.

తొట్టి అడుగున కంకర పరిచి, గోడకు బెజ్జం కొట్టి, వాలుగా బయటికి పైపు పెట్టాడు. కంకరలోకి మట్టి దిగకుండా పైన గుడ్డ ఉండాలి. మా ఇంట్లో గుడ్డకు కరువా? గంజి కూడా వదలని కొత్త ముక్కను పరిచేశాడు. గంజి నాని జిగురైపోయింది. నీళ్ళు ఆగిపోయాయి, పులిసిన కంపుకు చీమలు పట్టాయి. పక్కింటి మేస్త్రీ ఖాజా అన్న వచ్చి చూసి నవ్వాడు.

"ఏందప్పా ఈరన్నా, తాబేలుకు గంజి కాసి పోస్తాండావా?"

"నా గుడ్డ నీళ్ళు ఆపుతాదని పొగిడింది మీరే కదన్నా!"

"అయితే నీళ్ళు పోయేది నెయ్యి."

ఆ మాట పట్టుకున్నాడు. కుళ్ళని నైలాన్ దారం తెచ్చాడు. నేను ఆ దారాన్ని కండెలకు చుట్టిస్తే పోగుకూ పోగుకూ ఎడం వదిలి నేశాడు. చెయ్యి అలవాటుగా బిగించబోతే తనలో తానే నవ్వుకునేవాడు. "తాబేలుకు సీరనా?" అన్నాడు ఖాజా అన్న. "నీకంటే తక్కువ మాట్లాడతాదన్నా, దానికి నేస్తే తప్పేంది?" అన్నాడు ఈయన. ఆయనంత బిగువుగా నేసేవాళ్ళు ఎమ్మిగనూరులో ఇంకా పుడతారు. మూగజీవి కోసం తనకు పేరు తెచ్చిన బిగువునే వదులుకునే మనిషి నాకు మళ్ళీ దొరకడు.

ఏటా వానలకు ముందు ఆ గుడ్డ తీసి, ఉతికి, మళ్ళీ పరిచేవాడు. లోపల చెంబుతో నీళ్ళు పోసి "పడిందా?" అని కేకేసేవాడు. నేను ఇంటి వెనక పైపు దగ్గర నిలబడి, చుక్క రాలగానే "పడింది" అనేదాన్ని. అదే మా ఇద్దరి పండగ.

ఈ ఏడు ఉతకకుండానే పోయాడు. దినాలు అయ్యాక చూస్తే తొట్టి అంతా చిత్తడి, పైపు ఎండిపోయి ఉంది. తాబేలు ఇటుక ఎక్కి కూర్చుంది. మట్టి తోడి గుడ్డ తీసి ఉతికాను. ఒక్క పోగు చెడలేదు. ఆయన నేసినవన్నీ అమ్ముడుపోగా ఇంట్లో మిగిలింది అదొక్కటే.

"బీరువాలో పెట్టుకోక్కా. ఆడ వేరేది పరుద్దాం" అన్నాడు తమ్ముడు.

గుడ్డను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. దాచుకోవాలనే ఉంది. కానీ దీని బదులు ఏ గుడ్డ పరిచినా బిగువు నేతే, నీళ్ళు ఆగిపోతాయి. ఇది ఆయన నా బీరువా కోసం నేయలేదు. మళ్ళీ కంకర మీద పరిచి మట్టి కప్పాను.

చెంబుతో నీళ్ళు పోసి, "పడిందా?" అని అడగబోయి ఆగిపోయాను. జవాబు చెప్పాల్సినదాన్ని నేనే, లోపల ఉన్నాను.

చెంబు కింద పెట్టి ఇల్లు చుట్టి వెనక్కి పోయాను. పైపు మూతి దగ్గర ఒక చుక్క ఊరి, కాసేపు వేలాడి, రాలింది.

"పడింది" అన్నాను, లోపలికి వినబడేటట్టు.