మామ ఎడమ కన్ను

పోయిన సోమవారం పొద్దున కమలాపురం నుంచి ఫోన్ వచ్చింది. కడపలో మా పళ్ల ఆసుపత్రి స్కానింగ్ గది చూసుకునే మామ ఇక లేరని. వరుసకు మామ కాదు. ఆసుపత్రిలో అందరికీ మామే.

మా ఆసుపత్రికి రాకముందు ఆయన కమలాపురంలో ఫొటో స్టూడియో నడిపేవారు. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చి అది మూతపడ్డాక మా దగ్గర చేరారు. మా గదిలో ఉండేది త్రీడీ కెమెరా. ముఖాన్ని అన్ని వైపుల నుంచీ ఒకేసారి తీస్తుంది. కంప్యూటర్ ఆ ముఖాన్ని కుడిఎడమలు తిప్పి, అసలు ముఖం మీద పరిచి కొలుస్తుంది. రెండు పక్కలూ సమంగా ఉంటే ఆకుపచ్చ, తేడా ఉంటే ఎరుపు.

ఒకసారి మంగంపేట నుంచి ఒక అమ్మాయి వచ్చింది. కింది దవడ ఒక పక్కకు పెరిగింది. చున్నీ గడ్డం మీదికి లాక్కునే తిరిగేది. స్కాన్‌లో మాత్రం అంతా ఆకుపచ్చే. నా కళ్లను కాదని యంత్రాన్ని నమ్మి, ఆపరేషన్ అక్కర్లేదని చెప్పి పంపేశాను.

కాసేపటికి మామ తల వంచుకుని వచ్చారు.

"తప్పు నాదే డాక్టరమ్మా. ఆ పాప బయట ఏడుస్తాండాది. గడ్డం రవ్వంత ఇటు జరుపుకో అని నేనే అంటి. స్టూడియో అలవాటు, పోలేదు."

వంకర కనపడకుండా ఫొటో తీయడమే కదా ఆయన బతుకుతెరువు. పెళ్లిచూపులకు పంపే ఫొటోల్లో ఎన్ని దవడల్ని అలా సర్దారో! ఆ అమ్మాయిని మళ్లీ కూర్చోబెట్టి, తన చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"ఈడ బాగా కనపడాల్సిన పని లేదు పాపా. ఎట్లుండావో అట్లే ఉండు."

ఈసారి గడ్డం ఎర్రగా వచ్చింది. ఆపరేషన్ జరిగింది. తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆమె చున్నీ భుజం మీదే ఉంది.

'ఎట్లుండావో అట్లే ఉండు' అన్న ఆ మాట ఇప్పుడు నేనూ రోజూ అంటుంటాను. అది ఆయన దగ్గరే నేర్చుకున్నానని ఆయనతో ఒక్కసారీ అనలేదు. అని ఉండాల్సింది.

మొన్న పలకరించడానికి వాళ్లింటికి వెళ్తే ఆయన భార్య, మా అందరికీ అత్త, అంది. "పటం కట్టించేదానికి ఒక్క ఫొటో లేదమ్మా. ఊరందరికీ తీసె, ఆయన్ను తీసినోళ్లు ఎవురూ లేరు."

మా కంప్యూటర్లో ఉంది. కెమెరా సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి రోజూ పొద్దున్నే ముందు తన ముఖమే తీసుకునేవారు. తెరిచి చూశాను. ముఖమంతా ఆకుపచ్చ, ఎడమ కంటి చుట్టూ మాత్రం ఎరుపు. ఏళ్ల తరబడి కుడి కన్ను కెమెరాకు ఆనించి, ఎడమ కన్ను మూసుకున్న మనిషి. ముడతలన్నీ ఆ పక్కే దిగాయి. కొలతల రంగులు తీసేసి ఆ ఫొటోనే అత్తకు పంపాను.

పటం కట్టే అతను ఆ ముడతలు తీసేస్తానన్నాడట. అత్త ఒప్పుకోలేదు. "ఎట్లుండెనో అట్లే ఉండనీప్పా" అందట.

ఇప్పుడా ఇంట్లో పూలదండ మధ్య మామ, ఎడమ కన్ను కొంచెం మూసి, ఎదురుగా నిలబడ్డవాళ్లను చూస్తున్నారు. మళ్లీ వెళ్లినప్పుడు నేను ఆ పటం ముందు గడ్డం సర్దుకోకుండా నిలబడ్డాను.