శవవాహనానికి లోపలి పూత

కరోనా ఉధృతి తగ్గిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను ఒడిశాలోని కోరాపుట్ నుంచి రాయగడకు బదిలీ చేశారు. ఒక ధార్మిక సంస్థ నడిపే ఆసుపత్రుల్లో వాహన విభాగం ఫోర్‌మన్ ఉద్యోగం నాది. మా నాన్న పార్వతీపురం నుంచి వచ్చి కోరాపుట్‌లో స్థిరపడిన లారీ మెకానిక్కు. నేనూ గ్రీజు చేతులతోనే పెరిగాను. రాయగడ వెళ్లేనాటికి పదవీ విరమణకు రెండేళ్లే మిగిలాయి. నా కింద రెండు అంబులెన్సులు, డాక్టర్లు తిరిగే జీపు, ఒక శవవాహనం ఉండేవి.

శవవాహనం అంబులెన్సు కాదు. డ్రైవరు క్యాబిన్ వెనక ఒక మూసిన ఇనప పెట్టె, మధ్యలో స్ట్రెచర్ జారే పట్టాలు, పక్కన ఇద్దరు బంధువులు కూర్చునే బెంచీ, అంతే. ఆసుపత్రిలో కన్నుమూసినవాళ్లను బంధుగాం, కకిరిగుమ్మ వైపు కొండ ఊళ్లకు చేర్చడం దాని పని. నేల సామాన్ల వ్యానుకు ఉండేలాంటి గాడుల రేకు. ప్రతి ట్రిప్పు తరవాతా బ్లీచింగ్ నీళ్లతో కడగాలని రూలు. బ్లీచింగ్ క్రిములను చంపుతుంది, ఇనుమునూ తింటుంది. నేను చార్జి తీసుకునేసరికి గాడుల్లో నీరు నిలిచి రేకు తుప్పుపట్టి, రెండుచోట్ల చిల్లులు పడింది. తలుపులు రోజంతా తెరిచిపెట్టినా వాసన పోయేది కాదు.

నేను రూలు ప్రకారం లాగ్‌బుక్కు చూసి, లోపాల నివేదిక రాసి, బండి పనికిరాదని సూపరింటెండెంటు డాక్టరుగారికి ప్రతిపాదన పంపాను. ఆయన నన్ను పిలిపించి, దీనిమీద సంతకం పెడితే కొత్త బండి వచ్చేదాకా ఆ ఊళ్లవాళ్లు శవాలను ఎలా తీసుకెళతారని అడిగారు. మన చేతులతో చేసుకోగలిగింది ఏమీ లేదా అన్నారు. కోరాపుట్‌లో పికప్ బళ్లవాళ్లు సరుకు వేసే తొట్టికి రబ్బరులాంటి పూత వేసుకోవడం నేను చూశాను. దాన్ని లైనర్ అంటారు. రెండు డబ్బాల మందులు కలిపి రోలరుతో వేస్తే గట్టిపడి, అతుకులేని తోలులా రేకును కప్పేస్తుంది. కలిపిన అరగంటలో పూసెయ్యాలి, లేకపోతే డబ్బాలోనే బిగుసుకుపోతుంది. మేమే వేసుకోగలమని చెప్పాను. ఆయన వారం రోజులిచ్చారు.

ఆ బండిని కడిగే మనిషి పేరు సింహాచలం. మా వైపు ఆ పేరు ఆడవాళ్లకీ ఉంటుంది. సాలూరు నుంచి వచ్చిన ఆవిడ, యాభైకి దగ్గర పడిన వయసు. శవాల గదీ, ఈ బండీ పదకొండేళ్లుగా ఆవిడ చేతిలోనే ఉన్నాయి. మేము చిల్లులకు రేకుముక్కలు వెల్డింగు చేస్తుంటే వచ్చి నిలబడింది.

“మేస్త్రీ బాబూ, ఏ రంగు ఏస్తన్నారు?”

“నలుపు. మరకలు కనపడవు” అన్నాను.

“కనపడకపోతే నేను సరిగ్గా కడిగేనో నేదో నాకెలాగ తెలుస్తాది?”

సర్వీసంతా మురికిని దాచే రంగులే ఎంచాను. కడిగేవాళ్ల వైపునుంచి ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నల్ల పూత డబ్బాల కిట్టు తిరిగి ఇచ్చేసి లేత బూడిదరంగు తెప్పించాను.

మర్నాడు ఆవిడ ఇంకోటి చెప్పింది. “మూలంటే మురికుంటాది బాబూ. నా బ్రష్షు ఆడకెల్లదు. గిన్నె అడుగునాగ గుండ్రంగా సెయ్యనేరా?” నేలా గోడా కలిసేచోట సందులు పూడ్చే సీలెంటు నింపి, వేలితో నొక్కి గుండ్రం చేశాం. పూత గోడమీదికి జానెడెత్తు ఎక్కాలని, నీళ్లు పోయే రంధ్రం వెనక తలుపు దగ్గర ఉండాలని నిర్ణయించాం.

ఆవిడ మూడో మాటను మాత్రం నేను వినలేదు. పూతకు ముందు తుప్పు గీకాలి, గరుకు కాగితంతో రుద్దాలి, కడగాలి, పూర్తిగా ఆరనివ్వాలి. అవతల ముసురు పట్టింది, ఇచ్చిన వారం అయిపోవస్తోంది. రేకు పైకి పొడిగానే ఉంది. సింహాచలం గాడిలో వేలుపెట్టి చూసి, “ఇంకా ఆరనేదు బాబూ, సందుల్లో తడుంది” అంది. ముప్ఫై నాలుగేళ్లుగా బళ్లకు రంగులు వేస్తున్నాను, నాకు తెలియదా అన్నాను. ఆ మధ్యాహ్నమే రోలరు పట్టాను.

మూడోరోజు పొద్దున్న తలుపు తీసేసరికి నేలంతా బుడగలు. అంచు పట్టుకుని లాగితే పెనం మీది అట్టులా లేచి వచ్చేసింది.

ఆ పొద్దున్నే కకిరిగుమ్మ అవతలి ఊరికి చెందిన ఒక ముసలాయన భార్య మా స్త్రీల వార్డులో చనిపోయింది. ఆయన షెడ్డు దగ్గరికి వచ్చి, బండి లోపలికి చూసి, నావైపు చూసి, ఆ కొండ ఊళ్ల ఒడియా యాస దేశియాలో ఒక మాట అడిగాడు. డ్రైవరు అప్పారావు నాకు తెలుగులో చెప్పాడు: “ఎప్పుడవుద్దని అడుగుతన్నాడు బాబూ.”

అంబులెన్సులో శవాన్ని ఎక్కించకూడదని రూలు. చివరికి సంతకు అల్లం మోసే ఒక పికప్ దొరికింది. సింహాచలం దాని తొట్టి కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి, కొత్త దుప్పటి పరిచింది. ముసలాయన వానలో టార్పాలిన్ కింద భార్య పక్కన కూర్చుని వెళ్లాడు. గేటు దాటేదాకా నేను తలెత్తలేకపోయాను. తడి ఆరలేదు, ఇంకో నాలుగు రోజులు కావాలని పై అధికారిని అడగడానికి నామోషీ పడ్డాను. ఆ నామోషీ ఖరీదు ఆయన మోసుకెళ్లాడు.

పూత చెడడానికి కారణం తడి రేకు, ఫోర్‌మన్ తొందర అని నివేదికలో నా చేత్తోనే రాసి ఇచ్చాను. డాక్టరుగారు చదివి, ఇంకో కిట్టు మంజూరు చేసి, ఈసారి గడువు నన్నే చెప్పమన్నారు.

సింహాచలం దగ్గరికి వెళ్లి, “ఆరిందని నువ్వు చెప్పాకే డబ్బా మూత తీస్తాను” అన్నాను.

“నా మాట మీద ఎలాగ బాబూ? ఫోర్‌మను మీరు.”

“మొదటిసారి నా మాట మీదే కదా చేశాం.”

“అయితే సుద్దముక్కలు కావాల” అంది. నర్సింగ్ స్కూలు తరగతుల్లో పారేసినవి ఏరుకొచ్చి, పొడికొట్టి, గీకిన రేకు గాడుల్లో చల్లింది. తడి ఉన్నచోట సుద్ద నల్లబడి ముద్దకట్టింది. లోపల బల్బులూ ఫ్యానూ పెట్టి ఆరబెట్టాం. రోజుకు రెండుసార్లు పాత సుద్ద ఊడ్చి కొత్తది చల్లేది. ఎక్కడెక్కడ ముద్దకడుతోందో ఆవిడకు వెతక్కుండానే తెలుసు, పదకొండేళ్లుగా నీరు నిలిచే చోట్లు అవే. నాలుగో రోజు వంగి ఊదింది. సుద్ద పిండిలా లేచిపోయింది.

“ఇప్పుడు ఏసీండి బాబూ” అంది.

మందును పలచన చేసే థిన్నరు ఆవిరికి నిప్పంటుకుంటుంది కనక బల్బులన్నీ ముందు బయటికి తీయించాను. మాస్కులు కట్టుకున్నాం. మందు కలపడం నా పని, మొదటి పూత నేనూ అప్పారావూ వేశాం. రెండో పూత ఆవిడే వేస్తానంది. క్యాబిన్ గోడ దగ్గర మొదలుపెట్టి, రోజూ నేల తుడిచే తీరులోనే వెనక్కి వెనక్కి నడుస్తూ, వేసినచోట అడుగుపడకుండా తలుపు దాకా వచ్చి కిందికి దిగింది. రోలరు అంచుల గీత ఎక్కడా పడలేదు. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో అంత సమంగా సాగిన చేతిని నేను చూడలేదు. ఆ మాట అక్కడే అందరి ముందూ అన్నాను. “నేల తుడవడమే కదా బాబూ” అంది ఆవిడ.

పూతను పూర్తిగా గట్టిపడనివ్వాలని ఇంకో వారం ఆగాం. ఈసారి ముందే ఊళ్లో కిరాణా హోల్‌సేల్ నడిపే ఒక తెలుగు షావుకారుని అడిగి, ఆయన మూసిన వ్యాను మాట్లాడి ఉంచాను. బండి ఆగిన ఆ రోజులన్నిటా ఏ కుటుంబాన్నీ గేటు దగ్గర ఆపలేదు.

బండి మొదటి ట్రిప్పు బంధుగాం వైపు. జ్వరంతో పోయిన ఒక యువకుడి శవం, వెంట తల్లి. కొండ ఘాట్ దారి పొడుగునా వాన. అప్పారావు తిరిగొచ్చి తాళాలు అప్పగిస్తూ చెప్పాడు: “ఆయమ్మ బెంచీ మీద కూకోనేదు బాబూ. ఊరొచ్చీవరకూ కొడుకు పక్కన కిందే కూకుంది. దిగినప్పుడు సూసేను, సీర కాస్తయినా తడవనేదు.”

సింహాచలం అక్కడే ఉంది. బకెట్టు పట్టుకుని బండి కడగడానికి వెళ్లింది.

మా లోపాల నివేదికలో ఫోర్‌మన్‌కూ డ్రైవరుకూ మాత్రమే సంతకం గడులుండేవి. డాక్టరుగారి అనుమతితో మూడో గడి గీయించాను, కడిగే మనిషికి. రిటైరయ్యేదాకా ఆ సంతకం లేకుండా ఏ బండినీ మరమ్మతుకు తీసుకోలేదు, తిరిగి రోడ్డెక్కించనూ లేదు. పూత ఎంతసేపటికి గట్టిపడుతుందో డబ్బా మీద రాసి ఉంటుంది. రేకు ఎప్పుడు సిద్ధమవుతుందో దాన్ని రోజూ కడిగే మనిషికి తెలుస్తుంది. ఫోర్‌మన్ అన్నవాడు మూత తీయకముందే ఆ మనిషిని అడగాలి.