మణికట్టు

రోజంతా మీటింగుల్లో కూర్చుని, తల దిమ్మెక్కి బయటికొస్తుంటే ఆఫీసు జిమ్‌లో ఎవరో బరువులెత్తే ముందు అరచేతులకు తెల్లపొడి రుద్దుకుంటున్నారు. ఆ సుద్ద వాసనకు నర్సవ్వ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు కొత్తగూడలో ఆమెది మా పక్కిల్లు. వయసులో ఉన్నప్పుడు సర్కస్‌లో తలకిందులుగా వేలాడుతూ, ఎదురు ఊయల మీంచి ఎగిరొచ్చే అమ్మాయిలను పట్టుకునేదట. చేతులు జారకుండా రాసుకునే పొడి ఇంకా ఒక తుప్పు డబ్బాలో దాచుకుంది. నేను వెళ్లినప్పుడల్లా మూత తీసి వాసన చూపించేది.

బడికి వెళ్లేటప్పుడు నన్ను రోడ్డు దాటించేది కూడా ఆమే. చెయ్యి పట్టుకునేది కాదు. మణికట్టు పట్టుకునేది, వేళ్ల అచ్చులు పడేంత గట్టిగా. దొంగను పట్టుకెళ్తున్నట్టుందని పిల్లలు నవ్వేవాళ్లు.

"అందరిలాగా చెయ్యి పట్టుకోవచ్చు కదా అవ్వా," అన్నాను ఒకరోజు.

"ఒక్కసారి వేళ్లు పట్టిన బిడ్డా," అంది రోడ్డు వైపే చూస్తూ. "ఇగ ఎన్నడు పట్ట."

నా చేతులు మురికిగా ఉంటాయని కాబోలు అనుకున్నాను. మర్నాడు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వెళ్లి చూపించాను. నర్సవ్వ నా వేళ్లను చాలాసేపు చూసింది. మళ్లీ మణికట్టే పట్టుకుంది.

ఈ సాయంత్రం మా పాపను ట్యూషన్ నుంచి తీసుకొస్తూ కొత్తగూడలో అదే రోడ్డు దాటాను.

"నొప్పిగా ఉందమ్మా," అంది పాప.

అప్పుడు చూసుకున్నాను, దాని మణికట్టు పట్టుకుని ఉన్నాను.

నర్సవ్వ చేతుల్లోంచి జారిపోయిన ఆ వేళ్లు ఎవరివో నేనెప్పుడూ అడగలేదు.