మెయిన్ దించకుండా వెళ్ళిన మనిషి

మా మావయ్యగారు పోయారు. రోహిణి కార్తె వచ్చిన రెండో రోజు, పొద్దున్న పదకొండు గంటలప్పుడు, ఇంటి వెనక రేకుల షెడ్డులో, మామిడికాయలు మాగబెట్టిన గడ్డి పక్కన. ఆ సమయానికి నేను నూజివీడులో కొరియర్ ఆఫీసు ముందు ఉన్నాను. సంతకం పెట్టి చిన్న పార్సిలు ఒకటి తీసుకుంటుంటే ఫోను మోగింది. మా పక్కింటి పిన్నిగారు. "అమ్మాయ్, ఉన్నపళంగా వచ్చెయ్యి. మీ మావగారు పిలిస్తే పలకట్లేదు" అంది. ఆవిడ గొంతులోనే నాకు సంగతి తెలిసిపోయింది. అక్కడి నుంచి మా ఊరు ఆగిరిపల్లి దాకా బండి ఎలా నడిపానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

ఆ పార్సిల్లో ఉన్నది ఒక బ్యాటరీ. దాని గురించి చెప్పాలంటే ముందు మావయ్యగారి మెయిన్ స్విచ్ గురించి చెప్పాలి. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆయన విషయంలో నాకు ఆ ఇబ్బంది లేదు, చెడు చెప్పడానికి ఏమీ లేదు. చెప్పుకోవలసిన చెడు నా వైపు ఉంది. అదీ దాచకుండా చెబుతాను.

ఆయన మామిడి రైతు. రసాలు, బంగినపల్లి కలిపి నాలుగెకరాల తోట. ఇల్లు వదిలి అడుగు బయట పెడితే చాలు, తలుపు వెనక్కి చెయ్యి పోనిచ్చి మెయిన్ దించేసేవారు. దానికో కారణం ఉంది. సీజన్ వస్తే మా ముందు గదిలో మనుషులకి చోటుండదు. గోడ నుంచి గోడకి వరిగడ్డి పరిచి అందులో కాయలు మాగబెట్టేవారు. ఆయన చిన్నతనంలో మేనత్తగారింట్లో అలా పరిచిన గడ్డి మీదే కరెంటు వైరు నుంచి రవ్వ రాలిందట. ఇంటిల్లిపాదీ తోటలో ఉన్నారు, తిరిగొచ్చేసరికి మొండిగోడలు మిగిలాయి. అప్పటి నుంచీ ఆయనకి అది నియమం. సీజన్ అయిపోయి, గదిలో గడ్డిపరక లేకపోయినా సరే, గడప దాటితే మెయిన్ దిగాల్సిందే.

దాని మూలాన మా ఇంట్లో ఫ్రిజ్ అనేది పేరుకే. పాలు విరిగేవి, ఇడ్లీ పిండి పొంగి గిన్నె దాటేది. నేను విసుక్కుంటే, "పాలు రేపూ వస్తాయమ్మా, ఇల్లు రాదుగా" అనేవారు. ఒకసారి బాపులపాడులో మా పుట్టింటికి వచ్చి, భోజనం చేసి, వెళ్ళొస్తామని చెప్పి, చెప్పులు తొడుక్కుంటూ వాళ్ళ మెయిన్ కూడా దించేశారు. లోపల మా నాన్న క్రికెట్ చూస్తున్నారు, ఆఖరి ఓవరు. "చెయ్యి దానంతట అదే పోయింది బావగారూ" అని ఈయన ఎంత సిగ్గుపడ్డారంటే, మా నాన్న మ్యాచ్ సంగతి మర్చిపోయి ఆయన్ని ఓదార్చాల్సి వచ్చింది.

మా అత్తయ్యగారిని నేను చూడలేదు. నేను కాపురానికి రాకముందే పోయారు. ఆవిడవి రెండు ఫొటోలు, ఒక క్యాసెట్ ఉండేవి. ఆవిడ కాయలు ఏరుతూ పాడుకునేవారట. ఒక సీజన్‌లో మావయ్యగారు టేపురికార్డరు తట్టల వెనక దాచిపెట్టి, ఆవిడకి తెలియకుండా రికార్డు చేశారు. ఆ క్యాసెట్‌ని ఆయన ఏళ్ళ తరబడి వెయ్యలేదు. టేపుకి తెల్లగా బూజు పట్టింది. "వేస్తే తెగుద్దేమోనమ్మా" అనేవారు. బీరువాలో బట్టల మధ్య పెట్టి, అప్పుడప్పుడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టేవారు.

నేను బడిలో కంప్యూటర్లు చెప్తాను. మొన్న మార్చిలో, పిల్లల ఎగ్జిబిషన్ కోసం కొన్న చిన్న బోర్డు కంప్యూటరు ఒకటి ఖాళీగా ఉంటే ఇంటికి తెచ్చాను. చూడ్డానికి పచ్చటి అట్టముక్కలా ఉంటుంది గాని అదే పూర్తి కంప్యూటరు. మెమరీ కార్డులో ప్రోగ్రామూ పాటలూ ఎక్కించి, ఇంట్లో ఉన్న పాత యాంప్లిఫయరుకి వైరు కలిపితే, ఫోనులో నొక్కిన పాట స్పీకర్లలో వస్తుంది. మావయ్యగారు పక్కన బాసిపెట్లు వేసుకుని కూర్చుని, నేను విప్పిన మేకుల్లాంటి మరలన్నీ అరచేతిలో పట్టుకున్నారు. గంటసేపు ఆ చెయ్యి కదల్లేదు. బోర్డుకి పెట్టె లేదంటే సబ్బుపెట్టె తెచ్చి, వేడి సూది గుచ్చి గాలికి చిల్లులు పెట్టారు.

"అగ్గిపెట్టెంత లేదు, ఏం తినుద్దమ్మా ఇది?" అన్నారు.

"కరెంటేనండీ."

"మరి కరెంటు పోతే?"

"మళ్ళీ వస్తుందిగా మావయ్యగారూ" అన్నాను, స్క్రీను మీంచి తల ఎత్తకుండానే.

నా క్లాసులో ఏ పిల్లవాడూ అడగని ప్రశ్న అది. అలాంటి బోర్డుని ముందు ఫోను నుంచి ఆపాలి, ఆ తర్వాతే కరెంటు తియ్యాలి. లోపల ఏదో రాసుకుంటున్నప్పుడు టక్కున కరెంటు పోతే కార్డు చెడిపోవచ్చు. ఈ ముక్క పిల్లలకి పరీక్షలో ఇస్తాను, రాయకపోతే మార్కు కోస్తాను. రోజూ మెయిన్ దించే మనిషి పక్కనే కూర్చుని అడిగితే మాత్రం చెప్పలేదు.

మర్నాడు క్యాసెట్ బయటికొచ్చింది. ఆయనే మరలు విప్పి, టేపు చుట్టని కొత్త డబ్బాలోకి మార్చి, మెత్తటి గుడ్డతో బూజు తుడిచారు. ఒక్కసారే తిరిగింది. నలభై అయిదు నిమిషాలూ బడి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కాయి, చివర్లో టేపు తెగి మిషనులో నలిగిపోయింది. నేను గబగబా మిషను ఆపేశాను. ఆయన మాత్రం, "పోనీలేమ్మా, దాని పని అది చేసింది" అన్నారు. ల్యాప్‌టాప్ మర్నాడు బడికి తిరిగి ఇవ్వాలి, దాన్ని తుడిచేసి పరీక్షలకి సిద్ధం చేస్తారు. అందుకని ఆ పాటని అందులోంచి తీసి బోర్డు కార్డులో పెట్టాను. ప్రతిదీ రెండుచోట్ల దాచుకోవాలని పిల్లలకి చెప్పే పంతులమ్మని, ఒక్కచోట పెట్టి చేతులు దులుపుకున్నాను.

ఆ సాయంత్రం ఆయన మొత్తం విన్నారు. నేల చూస్తూ విన్నారు. అయిపోయాక భుజం మీద తువ్వాలు తీసి యాంప్లిఫయరు మీద లేని దుమ్ము తుడిచారు. పొద్దున్నే నేను బడికి, మా ఆయన జంక్షన్‌లో ఉన్న ఎరువుల షాపుకి వెళ్ళాం. ఆఖరున ఆయన తోటకి బయల్దేరారు. తలుపు వెనక్కి చెయ్యి పెట్టి మెయిన్ దించారు.

సాయంత్రం నేను వచ్చి చూస్తే కార్డు చదవడం లేదు. ఎన్ని తంటాలు పడినా రాలేదు. అప్పుడే ఆయన కాయలు కోసే చిక్కం కర్ర భుజాన వేసుకుని తోట నుంచి వచ్చారు. నేను మనిషిని చూడలేదు, నా కోపాన్నే చూసుకున్నాను. "అత్తయ్యగారిని మీ చేత్తో మీరే రెండోసారి పంపించేశారు" అన్నాను.

ఆయన కర్ర గోడకి ఆనించారు. "చెయ్యి దానంతట అదే పోయిందమ్మా" అన్నారు. అంతే. నువ్వు నాకు చెప్పలేదుగా అని అడగొచ్చు. ఆ ఒక్క మాట అడిగి ఉంటే నేను తగ్గేదాన్ని, ఇవాళ ఇంత బరువు మొయ్యాల్సి వచ్చేది కాదు. అడగలేదు. ఆ రోజు అన్నం కూడా మామూలుగానే తిన్నారు, పచ్చడి బాగుందన్నారు.

మూడు రోజులు ఆ కార్డుతో కుస్తీ పట్టి నాలుగు నిమిషాలు వెనక్కి తెచ్చాను. పాటలు రాలేదు. ఆవిడ మాటలు వచ్చాయి. "చిన్నరసాలు అడుగున పెట్టకండి, పైవాటి బరువుకి నలిగిపోతాయి" అంటారు. కాసేపు కూనిరాగం. కాయల చప్పుడు. "ఏంటండీ అక్కడ, ఎర్రలైటు? అయ్యో, ఆపండి, ఎవరన్నా వింటే నవ్విపోతారు." ఆపైన ఒక నవ్వు, సగంలో తెగిపోతుంది. ఈసారి దాన్ని మూడుచోట్ల దాచాను. చెయ్యి కాలాక గాని నాకు బుద్ధి రాలేదు.

క్షమించండి అని మాత్రం అనలేదు. మా ఇళ్ళల్లో కోడలు మావగారికి క్షమాపణ చెప్పగా నేను చూడలేదు, ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. కాఫీ వేళకి ఇచ్చేదాన్ని, పంచదార ఆయనకి నచ్చినట్టు వేసేదాన్ని. ఆయనకది అర్థమైందో లేదో ఇక తెలియదు.

ఆ తర్వాత ఆయన మెయిన్ దించడం మానేశారు. ఆ నాలుగు నిమిషాలూ మళ్ళీ మళ్ళీ వచ్చేట్టు ఫోనులో పెట్టడం నేర్చుకున్నారు. ఏళ్ళ తరబడి మామిడి సొన తగిలి కాలిన బొటనవేలు, ఫోను దాన్ని గుర్తుపట్టేది కాదు. చిటికెనవేలితో నొక్కేవారు. సీజన్ మొదలయ్యాక గడ్డి ముందు గదిలో పరవలేదు. కరెంటు లేని వెనక షెడ్డులో పరిచారు. తట్టలన్నీ ఆయనే అక్కడికి మోసుకెళ్ళేవారు. రేకుల కింద ఎండాకాలం అంటే ఏమిటో ఈ చుట్టుపక్కల వాళ్ళకి చెప్పక్కర్లేదు.

"షెడ్డులో ఎందుకండీ, ఉడికిపోతారు" అన్నాను ఒకరోజు.

"వేడికి కాయ తొందరగా మాగుద్దిలేమ్మా" అన్నారు.

జీవితమంతా, "తొందరపడేది కొనేవాడు, కాయ కాదు" అని చెప్పిన మనిషి ఆయన. తొందరపెట్టి మాగేసిన కాయని వాసన చూసి పక్కన పెట్టేసేవారు. అలాంటి మనిషి ఆ మాట అన్నప్పుడే నాకు తట్టి ఉండాలి. గడ్డి ఇంట్లో ఉంటే మెయిన్ దించాలి, మెయిన్ దించితే ఆవిడ గొంతు మళ్ళీ పోతుందని ఆయన భయం. రెంటికీ మధ్య ఆయన ఎండని ఎంచుకున్నారు. నాకు తట్టింది మే నెల నడిమికి. కరెంటు పోయినా బోర్డుని పద్ధతిగా ఆపే చిన్న బ్యాటరీలు ఉంటాయి, అప్పుడొకటి ఆర్డరు పెట్టాను. అది పెట్టి, "ఇక మీ ఇష్టం వచ్చినట్టు మెయిన్ దించుకోండి మావయ్యగారూ, గడ్డి గదిలోకి తెచ్చుకోండి" అందామనుకున్నాను. అదే నా క్షమాపణ. దాన్ని తేవడానికే ఆ రోజు నూజివీడు వెళ్ళాను.

నేను ఇల్లు చేరేసరికి ఆయన్ని వసారాలో పడుకోబెట్టారు. జుట్టులో ఇంకా గడ్డిపరకలు ఉన్నాయి. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు, ఎండ కూడా అన్నాడు. మా ఆయన నా కంటే ముందే వచ్చి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. లోపలి నుంచి అత్తయ్యగారి గొంతు వస్తోంది. చిన్నరసాలు అడుగున పెట్టకండి. పొద్దున్న ఆయన షెడ్డులోకి వినబడేలా సౌండు పెంచి పెట్టి వెళ్ళారు, అది అలాగే తిరుగుతోంది. రెడ్డిగూడెం నుంచి మావయ్యగారి చెల్లెలు వచ్చింది. గుమ్మంలో ఆగిపోయి, "ఇది మా వదిన గొంతు కదా" అంది. లోపల ఆవిడ నవ్వు సగంలో తెగి, మళ్ళీ మొదలైంది. "ఆపండ్రా దాన్ని, నేను వినలేను" అని కూలబడింది.

మా ఆయన లేచి తలుపు వెనక్కి చెయ్యి పెట్టాడు. పెట్టి అలాగే నిలబడిపోయాడు. "ఇదేంటి, కట్టేసి ఉంది" అన్నాడు.

వెళ్ళి తలుపు పక్కకి లాగాను. మెయిన్ స్విచ్ పిడికి పురికొస కట్టి ఉంది. కిందికి దిగకుండా, పైనున్న మేకుకి మూడు చుట్లు చుట్టి బిగించి ఉంది. తట్టల మూతికి మావయ్యగారు వేసే ముడి. తన చెయ్యి తన మాట వినదని ఆయనకి తెలుసు, అందుకని చెయ్యి లాగినా దిగకుండా కట్టేశారు. ఎన్నాళ్ళ క్రితం కట్టారో, పురికొస చివర నలుపెక్కింది. ఒకే ఇంట్లో ఉండి నేను ఒక్కసారీ చూడలేదు. అక్కడే నిలబడి ఏడ్చాను. ఆ తర్వాత ఫోను తీసి, ముందు ఆ గొంతు, తర్వాత బోర్డు, పద్ధతి ప్రకారం ఆపాను.

పెద్దకర్మ అయింది. షెడ్డులో మిగిలిన కాయలు వచ్చినవాళ్ళకి పంచాం. బ్యాటరీ బిగించాను, పనిచేస్తోంది, ఇప్పుడు మెయిన్ నిక్షేపంగా దించుకోవచ్చు. పురికొస కోసేస్తానని మా ఆయన కత్తెర తెస్తే వద్దన్నాను. రోజూ పొద్దున్న ఆఖరున ఇల్లు వదిలేది ఇప్పుడు నేనే. చెప్పులు తొడుక్కుంటూ తలుపు వెనక్కి చెయ్యి పెడతాను. వేళ్ళకి ఆ ముడి తగులుతుంది. చెయ్యి వెనక్కి తీసుకుని, తాళం వేసి వెళ్తాను.