విలన్ చావని సినిమా

మా ఆయన చనిపోయిన ఏడాదే మా మరిది తన రొయ్యల చెరువులోని ఉప్పునీళ్ళు నా వరి చేలోకి వదిలాడు. పైరంతా మాడిపోయింది. ఆ తప్పుకు మా చర్చి సంఘం అతన్ని ప్రభువు బల్లకు దూరంగా పెట్టింది. మా నాగాయలంక వైపు ఒక పద్ధతి ఉంది. నష్టపోయిన మనిషే అందరి ముందు లేచి “రానివ్వండి” అనాలి. అప్పుడే అతనికి మళ్ళీ రొట్టె, ద్రాక్షరసం. ఈ ఆదివారం చెప్పమని పాస్టరుగారు నన్ను అడిగారు. ఆ మాట నా నోట రాదనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం, గుడివాడలో చదువుకునే మా మనవరాలు వచ్చి, ఫోన్లో జపాను వాళ్ళ బొమ్మల సినిమా పెట్టింది. కింద పడే అక్షరాలను నాకు తెలుగులో చెబుతూ కూర్చుంది. అందులో ఒక రాక్షసుడు ఏటికి అడ్డంగా బండలు వేసి ఊరి పొలాలన్నీ ఎండగట్టాడు.

“ఈడెప్పుడు చస్తాడే?”

“చావడమ్మమ్మా.”

“చావకపోతే అదేం సినిమా? మన హీరో అయితే ఈపాటికి లారీతో తొక్కించేవోడు.”

“కాసేపు నోరు మూసుకుని చూడవే ముసలీ!”

చూశాను. రాక్షసుడు ఒక్కడే తిరిగొచ్చి ఆ బండలు తియ్యడం మొదలుపెట్టాడు. పాట లేదు, ఫైటింగు లేదు. క్షమించమని కూడా అనలేదు. చేతులు చీరుకుపోతున్నా ఎత్తుతూనే ఉన్నాడు. అవే కోరలు, అవే కళ్ళు. బొమ్మలో ఒక్క గీతైనా మారినట్టు లేదు, మనిషి మాత్రం మారిపోయాడు. దేవుడు మట్టితో మనిషిని చేశాడని చిన్నప్పటి నుంచి వింటున్నాను. చేసిన మనిషిని మళ్ళీ చెయ్యడం అప్పుడే చూశాను.

ఆదివారం పాస్టరుగారు అడిగారు: “ఏమ్మా, మీ మాటేంటండీ?”

“రానివ్వండి అయ్యగారూ. కానీ నా చేలో ఉప్పు దిగేదాకా కాలవ నీళ్ళు ఆయనే పెట్టాలి, ఆయనే తియ్యాలి.”

“ప్రభువు రొట్టెకి కూలి కట్టిందర్రా ఈవిడ!” అంది వెనక నుంచి ఒకావిడ. అంతా నవ్వారు. మరిది నవ్వలేదు.

“అట్టాగే వదినా” అన్నాడు.

తెల్లారేసరికి చేలో ఉన్నాడు. నీళ్ళు నింపి, నిలవగట్టి, ఉప్పు కరిగాక మురుక్కాలవలోకి వదలాలి, మళ్ళీ నింపాలి. టీ తాగమని కేకేద్దామని గట్టు మీదికి వెళ్ళాను. మోకాటి లోతు బురదలో వంగి తూములో మట్టి తోడుతున్నాడు. నా పెళ్ళినాటి నుంచి చూస్తున్న మనిషి. అయినా ఎవరినో కొత్తవాణ్ణి చూస్తున్నట్టు, ఏమని పిలవాలో తెలియక అలాగే నిలబడిపోయాను.