దివాన్ గారి కుర్చీ

ఆవిడ బస్సు సీట్లు, కారు సీట్లు, సోఫాలు కుట్టేది. ఎదురుపడితే అందరూ "సీట్లక్కా" అని పిలిచేవారు. పక్కకు తిరిగితే "ఉడుమక్క" అనేవారు. ఆ సంగతి ఆవిడకు తెలియనిదేం కాదు. "పట్టు వదలదనేగా ఉడుమంటారు, అదేమన్నా తిట్టా?" అని నవ్వేసేది. పాత సీటులో తుప్పు పట్టిన మేకు ఒకటి ఊడి రానని మొరాయిస్తే, అన్నం మానేసైనా దాన్ని పెరికాకే లేచేది. పెళ్లైన కొత్తలో, కోడలికి ఈ కుట్టుపని ఏమిటని అత్తగారు సణిగితే వాదించలేదు, ఏడవలేదు. మర్నాడు పొద్దున్నే మిషను ముందు గదిలోకి ఈడ్చుకొచ్చి అత్తగారి మంచానికి కొత్త పరుపు కుట్టి పరిచింది. దాని మీద నడుం వాల్చాక అత్తగారు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇంటి ముందు గది కొట్టు. వెనక రెండు గదుల్లో కాపురం. భర్త బేకరీలో పొయ్యి దగ్గర పనివాడు. తెల్లారకముందే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేవాడు. నెమ్మదస్తుడు. పెళ్లాం ఒక మాట అనేసిందంటే అది జరిగిపోయినట్టే అనుకునే మనిషి. అత్తగారిది మాత్రం ఊరుకునే నోరు కాదు. చేతులకు పని లేనప్పుడల్లా నోటికి పని చెప్పేది.

ఆ ఇంట్లో నాలుగో ప్రాణి ఒక నల్ల కుక్క. ఎవరో బాగుచేయమని పడేసి వెళ్లిన చిరుగుల దివాను లోపల, స్ప్రింగుల మధ్య, పిడికెడంత కూనగా దొరికింది. దివానులో దొరికింది కాబట్టి దివాను అన్నారు. పెరిగి పెద్దదయ్యాక, కొట్టుకు వచ్చిన ప్రతి సోఫా ఎక్కి దర్జాగా కూర్చునేది. "దివాన్ గారు కొలువుతీరారా?" అంటూ వచ్చిన వాళ్లు వేళాకోళమాడటంతో ఆ 'గారు' కూడా తగులుకుంది. ఇంట్లో మనుషులకు లేని మర్యాద కుక్కకు దక్కిందని అత్తగారి గొణుగుడు.

ఒక వానాకాలంలో దివాను చిక్కిపోసాగింది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే అది తిండి మానలేదు. గిన్నె కింద పెట్టడమే ఆలస్యం, ఆవురావురుమని తినేసేది. కాసేపటికి ఏ మూలకో పోయి కక్కేది. కక్కిందాన్నే మళ్లీ తినేది.

"స్పాంజి ముక్కలు మింగుంటుంది. ఒకపూట పస్తు పెట్టు, అదే సర్దుకుంటుంది," అంది అత్తగారు. పస్తు పెట్టారు. సర్దుకోలేదు. పాలు మాన్పించారు. అన్నం మెత్తగా ఉడికించి పెట్టారు. అదీ అంతే.

ఒకరోజు దాని వీపు నిమురుతుంటే సీట్లక్క చేతికి వెన్నుపూసలు గట్టిగా తగిలాయి. పైన గుడ్డ తడిమి లోపల స్పాంజి ఎంత మిగిలిందో చెప్పగల చెయ్యి అది.

"ఏమండీ, వీడికి లోపల ఏదో అయింది."

"శుభ్రంగా తింటున్నాడు కదే," అన్నాడు భర్త.

"తింటున్నాడు, ఒంటబట్టట్లేదు. మరి ఆ తిండంతా ఎక్కడికి పోతున్నట్టు?"

మర్నాడు ఆవిడ కొట్టు తలుపు ఓరగా వేసి, దివానుకు అన్నం పెట్టి, ఎదురుగా నేల మీద మఠం వేసుకుని కూర్చుంది.

"పనీపాటా మానుకుని కుక్క కక్కేది చూస్తూ కూర్చుంటావా, అమ్మాయ్?"

"చూడకపోతే ఎలా తెలుస్తుంది, అత్తయ్యా?"

వాంతి వచ్చేముందు ఒళ్లే చెబుతుంది. డొక్కలు ఎగదన్నుతాయి, నోట్లో చొంగ ఊరుతుంది, కుక్క మొహంలో కంగారు కనిపిస్తుంది. దివానుకు అలాంటివేమీ లేవు. తోక ఊపుకుంటూ నడుస్తున్నదల్లా ఆగి తల కిందికి వంచింది. అంతే. మూతి విప్పిన సంచీలోంచి జారినట్టు అన్నం నేల మీదికి జారింది. పొడుగ్గా, గొట్టంలో పోసి తీసినట్టుంది. ఆవిడ వంగి చూసింది. వాసన కూడా చూసింది. పులిసిన వాసన లేదు, మెతుకు మెతుకులాగే ఉంది.

"ఇది కడుపు దాకా పోనేలేదు," అంది, పైకే.

పశువుల ఆసుపత్రిలో ఆవిడ చెప్పిందంతా డాక్టరమ్మ విని, కుక్కను ముందు నుంచీ వెనక నుంచీ తడిమి చూసింది. "మీరు దగ్గరుండి చూడటం మంచిదైంది. అందరూ వాంతులనే చెబుతారు. మేమూ కడుపుకు మందులిస్తూ పోతాం," అంటూ ఎక్స్‌రే తీయించింది. ఆ ఫిల్మును వెలుతురుకు పెట్టి వేలితో చూపించింది.

"ఇదిగో, ఇది తిండి గొట్టం. సన్నగా ఉండాలి. చూడండి, సంచిలా సాగిపోయింది. మింగినదాన్ని కిందికి తోసే బలం లేదు. అక్కడే పేరుకుని, తల వంచగానే వెనక్కి వచ్చేస్తోంది."

"ఎలాస్టిక్ సాగిపోయినట్టా?"

"సరిగ్గా అంతే."

"మేమైతే ఎలాస్టిక్ మార్చేస్తాం."

"ఇది మార్చలేం, అమ్మా," అంది డాక్టరమ్మ మెల్లగా. రక్తం తీసి పరీక్షలకు పంపింది. వాటిలోనూ ఫలానా కారణమని తేలలేదు. "మందులతో బిగిసే గొట్టం కాదిది. ఒక దారి మాత్రం ఉంది. లోపల తోసే బలం లేదు కాబట్టి తిండి దానంతటదే జారాలి. మనిషిని కూర్చోబెట్టినట్టు నిటారుగా కూర్చోబెట్టి తినిపించండి. తిన్నాక ఓ పావుగంట అలాగే ఉంచండి. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు. నీళ్లైనా సరే, కింద పెట్టకూడదు. వెనక్కి వచ్చింది ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే నిమోనియా. అసలు భయం దానితోనే."

దివాను నిద్రపోతున్నప్పుడు డొక్క ఎంత తొందరగా లేచి పడుతోందో చూడటం, పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూడటం, జ్వరం చూడటం దగ్గరుండి నేర్పింది. చివర్లో కొంచెం తటపటాయించి అంది:

"ఇది రోజూ చేయాల్సిన చాకిరీ. కొన్ని వారాలకే చాలామంది చేతులెత్తేస్తారు. నేను వాళ్లను తప్పుపట్టను."

"నేనెత్తను," అంది సీట్లక్క.

అనడం తేలికే. మొదటి రోజు భర్త దివాను ముందుకాళ్లు పట్టుకుని గోడకు ఆనించి నిలబెట్టాడు, ఆవిడ ముద్దలు పెట్టింది. ఇద్దరూ కలిసి దానికి నాట్యం నేర్పుతున్నట్టుందని వీధిలో వాళ్లు కిటికీ దగ్గర చేరారు. దివాను గింజుకుని, ఆయన చొక్కా మీదే అంతా వదిలేసింది. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే జారిపోయింది. దుప్పటిలో చుట్టి పట్టుకుంటే బెదిరి ఒణికింది.

"ఇక కుర్చీ చేయాల్సిందే," అంది ఆవిడ.

టేపు తీసి దాని వీపు పొడుగు, నడుం చుట్టుకొలత, తొడ నుంచి గడ్డం దాకా ఎత్తు కొలిచింది. భర్త గుమ్మానికి చేరబడి చూస్తూ, "నాకు చొక్కా కుట్టినప్పుడు కూడా ఇంత శ్రద్ధగా కొలవలేదు నువ్వు," అన్నాడు.

"మీరు చొక్కా లేకపోయినా అన్నం మింగగలరు."

మొదటి కుర్చీ వెడల్పైంది. దివాను అందులోనే గిరుక్కున తిరిగి ఆవిడకు తోక చూపించింది. రెండోది ఇరుకుగా సరిపోయింది కానీ, రెక్సిన్ నున్నగా ఉండటంతో జారి, నడుం ముడుచుకుని కూలబడింది. నడుం ముడుచుకుంటే చేసిందంతా దండగ. రెండింటినీ విప్పేసింది. మూడోదానికి అడుగున గరుకు గుడ్డ వేసి, రెండు పక్కలా మందపాటి స్పాంజి కుట్టి, ముందు మడత పలక బిగించింది. కుర్చీ కుదిరింది. కానీ కుక్క ఎక్కితేగా! నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు చాపి, చచ్చినా రానని భీష్మించింది.

"ఎవరి కుక్కో తెలుస్తూనే ఉంది," అంది అత్తగారు.

సీట్లక్క దాన్ని బలవంతం చేయలేదు. కుర్చీని కొట్టు మధ్యలో పెట్టింది. ముద్ద ఉంటే కుర్చీలో ఉంది, లేకపోతే లేదు. ఒకరోజు దివాను తల పెట్టింది, మరోరోజు ముందుకాళ్లు పెట్టింది. అది ఎక్కిన నాడు ఆవిడ పలక వేయకుండానే దింపేసింది. అలా అలా, దాని పట్టు దానిదే, ఆవిడ పట్టు ఆవిడదే అన్నట్టు సాగి సాగి, చివరికి ఒక ఉదయం దివాను తనంతట తనే ఎక్కి, వీపు ఆనించి, రెండు కాళ్లూ పలక మీద పెట్టి, ఇక వడ్డించమన్నట్టు చూసింది. తినిపించాక ఆవిడ పక్కనే ఎత్తుపీట వేసుకుని, సోఫా అంచులు చేత్తో కుడుతూ ఆ పావుగంటా కూర్చుంది. ఆ రోజు తిన్నది తిన్నట్టే లోపల నిలిచింది.

ఇల్లంతా నీళ్ల గిన్నెలు తీసేశారు. వానకు గుమ్మం ముందు నీళ్లు నిలుస్తాయని ఆవిడ అక్కడ గుంత పూడ్చింది. సీట్లు ఇవ్వడం ఆలస్యమవుతోందని బస్సుల వాళ్లు విసుక్కుంటే, "కుర్చీలో మనిషున్నాడు, ఆగండి," అనేది. వాళ్లు తొంగి చూసి, మనిషి ఎవరో తెలిశాక నవ్వుకుని ఆగేవాళ్లు. దివాను వెన్ను మీద మెల్లగా కండ పట్టసాగింది.

అంతా గాడిన పడిందనుకుంటుండగా ఒక పొద్దున దివాను లేవలేదు. కుర్చీ దగ్గరికి పిలిస్తే తోక కొన మాత్రం ఆడింది. సీట్లక్క పక్కన కూలబడి చూసింది. డొక్క టపటపా కొట్టుకుంటోంది. ముక్కు కారుతోంది. పెదవి ఎత్తితే చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. థర్మామీటరు పెట్టి చూసింది, ఒళ్లు కాలిపోతోంది. "ఊపిరితిత్తుల్లోకి పోయింది," అంది. "ఎలా పోయింది? నా చేత్తో తినిపించిందేదీ వెనక్కి రాలేదే?"

అత్తగారు గుమ్మంలో నిలబడి కొంగు నలుపుకుంటోంది. మామూలుగా అయితే ఈపాటికి నాలుగు మాటలు అనేసేదే.

"నేనే పెట్టాను," అంది చివరికి. "నిన్న నేను రొట్టె తింటుంటే వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది. అలా చూస్తూనే ఉంది, అమ్మాయ్. ఎంతసేపని చూడను? ఒక ముక్కే వేశాను."

సీట్లక్క మొహం ఎర్రబడింది. కుక్కను దుప్పటితో సహా ఎత్తుకుంటూ, "తిట్టుకోవడానికి తర్వాత టైముంటుంది. చెప్పులేసుకోండి, అత్తయ్యా. బండిలో వీణ్ని పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి," అంది.

డాక్టరమ్మ ఇంజెక్షన్లు, ఆక్సిజన్ ఇచ్చి రెండు రోజులు అక్కడే ఉంచుకుంది. తర్వాత ఇంటికి పంపుతూ మందులిచ్చి, పక్కటెముకల మీద దోసిలిలా వంచిన అరచేత్తో మెత్తగా తడితే లోపలి కఫం కదులుతుందని చేసి చూపించింది. సీట్లక్క చేతులు సుత్తి పట్టిన చేతులు. ఎంత మెత్తగా తట్టినా దివాను మూలిగింది.

"జరుగు," అంది అత్తగారు. "పిల్లల్ని జోకొట్టిన చేతులివి."

నిజమే. ఆవిడ చెయ్యి పడితే కుక్క కళ్లు మూసుకుంది. ఆ రోజు నుంచి తట్టే పని అత్తగారిది. స్నానాల గదిలో వేడినీళ్ల కుళాయి తిప్పి ఆవిరి నింపి, పీట వేసుకుని, కుక్కను ముందు పెట్టుకుని తడుతూ, దాన్ని ఆపకుండా తిట్టేది: "ముక్క కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావట్రా, తిండిపోతు వెధవా! నేను వేస్తే మాత్రం తినేయడమేనా?" లోపల దివాను దగ్గేది. బయట సీట్లక్క మిషను తొక్కుతూ, తిట్లు వినిపిస్తున్నంతసేపూ అంతా బాగానే ఉందని అర్థం చేసుకునేది. భర్త బేకరీ నుంచి రాగానే చేతులు కడుక్కుని, పడుకున్న కుక్క పక్కన కూర్చుని గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టేవాడు. రోజురోజుకూ లెక్క తగ్గుతూ వచ్చింది. ఒక సాయంత్రం దివాను లేచి, తూలుకుంటూ వెళ్లి కుర్చీ ఎక్కింది.

"ఇవాళ నేను పెడతాను," అంది అత్తగారు. సీట్లక్క గిన్నె ఆవిడ చేతిలో పెట్టింది. రొట్టె ముక్క గురించి ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

రోగం పోలేదు. పోయేదీ కాదు. ఇప్పటికీ ఒక్కోసారి తిన్నది వెనక్కి వస్తుంది, గుడ్డ పుచ్చుకుని తుడిచి మళ్లీ మొదలుపెడతారు. ఊపిరి తేడాగా ఉందని అనుమానం వస్తే ఆ పూటే ఆసుపత్రికి పరిగెత్తుతారు.

ఆ మధ్య పక్క ఊళ్లో ఉన్న ఆడపడుచు అందరినీ వచ్చి రెండు రోజులు ఉండమని పిలిచింది. "కుక్కను ఎవరికైనా అప్పగించి రండి, వదినా," అంది ఫోనులో. "ఎవరికీ అప్పగించను. వస్తే నలుగురం వస్తాం," అంది సీట్లక్క. తెలిసిన బస్సాయన తన చిన్న వ్యాను ఇచ్చాడు. కుర్చీని పైన తాళ్లతో బిగించి కట్టారు.

ముందు కుర్చీ, దాని వెనకే మనుషులు గుమ్మంలోకి వస్తుంటే ఆడపడుచు ముక్కున వేలేసుకుంది. "ఇదేంటమ్మా, నా ఇంట్లో కుర్చీల్లేవా?"

"నీ కుర్చీల్లో వాడు జారిపోతాడే," అంది అత్తగారు. "వాకిట్లో ఉన్న ఆ నీళ్ల బకెట్టు ముందు లోపల పెట్టు. మీ పిల్లాడి చేతిలో రొట్టె ఉంది, అది తినేదాకా వాణ్ని వంటింట్లో కూర్చోబెట్టు. ఊఁ, చూస్తావేం?"

భోజనాల వేళకు బల్ల చుట్టూ చోటు ఇరుకైంది. దివాను తన కుర్చీలో నిటారుగా కూర్చుని అందరి మొహాల వంకా చూస్తోంది. సీట్లక్క ముద్ద కలిపి చేత్తో పట్టుకుంది. ఆడపడుచు భర్త ఒక్క క్షణం తటపటాయించి, దివాను కుర్చీకి చోటిస్తూ తన కుర్చీ కాస్త పక్కకు జరుపుకున్నాడు.